మంచులో ఉక్కపోత

మా చెల్లెలి కూతురు షారోన్ పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తుంది. ఈ చలికాలం తోటి ఫోటోగ్రాఫర్లతో కలిసి హిమాచల్‌లో ఏదో మంచు కొండ ఎక్కి వచ్చింది. వచ్చిన మర్నాడే మా ఇంటికొచ్చి, నా పక్కన సోఫాలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో వీడియోలు చూపించడం మొదలుపెట్టింది. తెల్లటి కొండలు, ఎర్రటి జాకెట్లు, మోకాళ్ల దాకా మంచు. బాగానే ఉన్నాయి, చూస్తున్నాను. ఇంతలో ఒక వీడియోలో ఓ కుర్రాడు జాకెట్ విప్పి విసిరేశాడు. తర్వాత స్వెటరు తీసేశాడు. ఆ తర్వాత బనీను కూడా లాగేసి, చేతులు బార్లా చాచి, మంచులో గెంతుతూ నవ్వుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేస్తున్నారు.

"వాణ్ని చొక్కా వేసుకోమను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పెద్దమ్మా, అది రీలు. ఎప్పుడో అయిపోయింది," అని నవ్వింది షారోన్.

"వేసుకోమను ముందు," అని ఫోన్ లాక్కున్నాను. లాక్కుని ఏం చేస్తాను, నా మొహం. ఆ బొమ్మ లోపలికి చెయ్యి పెట్టి వాడికి చొక్కా తొడగలేను కదా. ఫోన్ నా చేతిలోంచి సోఫా కిందకి జారిపోయింది. పిల్ల బెదిరిపోయి మంచినీళ్లు తెచ్చింది, బీపీ బిళ్ల వేసుకున్నావా అని అడిగింది. ఈ కాలం పిల్లలకి పెద్దవాళ్లు ఏం చేసినా బీపీ ఖాతాలోకే పోతుంది. నాకు బీపీ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒంట్లోంచి పోని అదురు ఒకటుంది. అదేమిటో ఆ పూట దానికి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సాల్మన్ రాజు గారికి బెజవాడ గవర్నర్‌పేటలో ఫోటో స్టూడియో ఉండేది. ముందు స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో డార్క్‌రూమ్. అందుచేత మా ఇంట్లో చారు పోపు వాసనకీ, ఫోటోలు కడిగే మందుల వాసనకీ మధ్య గోడ ఉండేది కాదు. పొద్దున్నే ప్రార్థన అయ్యాక నాన్న స్టీలు గ్లాసు నిండా టీ పెట్టుకుని, అమ్మ పాత వాయిల్ చీర ముక్కతో లెన్సులు తుడిచేవాడు. ఆ ముక్క ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మ ఒకసారి దాంతో మసిగిన్నె దించిందని రెండు పూటలు మాట్లాడలేదు. కడిగిన ఫోటోలు నీళ్లలో నానాలి కాబట్టి స్నానాల గదిలోని తొట్టె ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. పెళ్లిళ్ల కాలంలో ఊళ్లో పెళ్లికూతుళ్లందరి స్నానాలూ అయ్యాకే మా స్నానాలు. మా అమ్మ మార్తమ్మ బిందె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "వీళ్ల మొహాలు ఎప్పటికి తెల్లబడతాయి, నా ఒళ్లు ఎప్పటికి తడుస్తుంది," అని సణుగుతుండేది.

స్టూడియోలో ఒక తెర ఉండేది, మంచు కొండల తెర. సినిమా బోర్డులు రాసే ఆయనెవరో వేశాడట. కొత్తగా పెళ్లయినవాళ్లు ఆ తెర ముందే నిలబడాలి, అది మా ఊరి ఆచారం. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నా సరే, జంట మాత్రం మంచు కొండల్లో నిలబడినట్టు ఫోటో పడాలి. అటొకటి ఇటొకటి పెద్ద లైట్లు. వాటి కింద పట్టుచీరలో నిలబడితే పౌడరు చారలు కట్టి కారేది. నాన్న "ఊపిరి పీల్చి వదలండి" అనేలోపు నేను తువ్వాలు పట్టుకుని వెళ్లి ఇద్దరి మొహాలూ అద్ది రావాలి. అలా మొదలైంది నా పని. డిగ్రీ అయ్యేసరికి ఆడపిల్లల ఫంక్షన్లకి నేనే కెమెరా పట్టుకుని వెళ్లేదాన్ని. ఆడపిల్లకి ఈ తిరుగుళ్లేమిటని అమ్మ అంటే, "ఆడవాళ్లున్న గదిలోకి నన్ను రానివ్వరు, దాన్ని రానిస్తారు. అది నాకంటే మంచి ఫోటోగ్రాఫరు," అని నాన్న నోరు మూయించేవాడు.

ఒకసారి సెలవు మీద వచ్చిన మిలిటరీ అబ్బాయి పెళ్లి చేసుకుని, భార్యతో ఆ తెర ముందుకొచ్చాడు. తెరని కాసేపు చూసి, ఎంతో మర్యాదగా, "మంచు ఇలా ఉండదండి," అన్నాడు. అంతే. నాన్నకి అన్నం సయించలేదు. ఇన్ని వందల జంటల్ని అబద్ధం ముందు నిలబెట్టానా అని ఒకటే గొణుగుడు. చివరికి, మంచు దగ్గరికే వెళ్లి ఫోటో తీసుకొచ్చి, దాన్ని చూసి కొత్త తెర వేయిస్తానని తేల్చాడు. ఆయనకి తోడు ఇద్దరు స్నేహితులు తయారయ్యారు. ఒకరు బాషా బాబాయ్, వన్‌టౌన్‌లో స్టూడియో. మాటకి ముందు నవ్వే మనిషి, మాలో హిందీ వచ్చింది ఆయనొక్కడికే. రెండోవారు శేషగిరి గారు, ఆటోనగర్‌లో బాడీ కట్టిన కొత్త లారీలకి దండ వేసి ఫోటోలు తీసేవారు. ఆయన పక్కన నిలబడితే లారీయే చిన్నగా కనిపించేది. నాలుగో మనిషిని నేను. "ఉన్న ఊళ్లో ఉండక, ఈ కొరివితో తల గోక్కోవడం ఎందుకండీ?" అని అమ్మ ఎంత మొత్తుకున్నా నాన్న వినలేదు.

చలికి తయారవడం బెజవాడ వాళ్లకెలా తెలుస్తుంది? చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీ వాళ్లు అమ్మే స్వెటర్లు కొని, అవన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, అలవాటు కోసమని కొండపల్లి ఖిల్లా ఎక్కాం. కింద బొమ్మల కొట్లవాళ్లు పనులాపి మరీ మమ్మల్ని చూశారు. సగం దూరం ఎక్కేసరికి నాన్న ఆగి, "అబ్బ, ఉక్కగా ఉందర్రా," అని స్వెటరు విప్పేశాడు. వెనకే అందరం విప్పేశాం. శేషగిరి గారు తన బనీను పిండితే గ్లాసుడు నీళ్లు కారాయి. ఇదే పద్ధతి, ఎక్కేటప్పుడు ఉక్క పుడితే విప్పుకోవాలి, దిగేటప్పుడు తొడుక్కోవాలి అని ఆయన తీర్పు చెప్పారు. పైన కోట గోడ నీడలో కూర్చుని అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తిన్నాం. మాకు కొండలెక్కడం వచ్చేసింది అనుకున్నాం.

మంచు మొదటిసారి చూసినప్పుడు నలుగురం ఉన్నచోటే ఆగిపోయాం. ఢిల్లీ దాటాక ఎక్కిన బస్సు దిగి, అక్కడే కుదుర్చుకున్న గైడు వెనక దేవదారు చెట్లు దాటి పైకొచ్చేసరికి ఎదురుగా ఏటవాలు మొత్తం తెలుపు. నాన్న వంగి గుప్పెడు మంచు తీసుకుని, బిడ్డ తల నిమిరినట్టు నిమిరి, కళ్లు తుడుచుకున్నాడు. "దీని నీడ నీలంగా ఉందమ్మా, చూశావా? మన తెర మీద నీలం చుక్క లేదు," అన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. తెచ్చుకున్నవన్నీ తొడుక్కునే గబగబా ఎక్కాడు. లోపల బనీను చెమటకి తడిసి ముద్దయింది. గ్లౌజులతో రీలు ఎక్కించడం కుదరడం లేదని గ్లౌజులు తీసి జేబులో కుక్కుకున్నాడు. ఆ చలికి రీలు అప్పడంలా పెళుసుబారి, తిప్పుతుంటే పటుక్కున తెగింది. ఫ్లాషు బ్యాటరీలు చచ్చిపోతున్నాయని బాషా బాబాయ్ వాటిని చంకలో పెట్టుకుని నడిచాడు.

నాన్నకి కావలసిన శిఖరం మబ్బులో ఉంది. మబ్బు తొలిగేదాకా కదలనన్నాడు. గైడు ఏదో అన్నాడు. గాలి వస్తోంది, నిలబడితే మంచిది కాదంటున్నాడని బాషా బాబాయ్ చెప్పాడు. "ఒక్క నిమిషం," అన్నాడు నాన్న. ఫోటోగ్రాఫర్ల నిమిషం గురించి మా అమ్మనడగాలి. స్టాండు మీద కెమెరా పెట్టి, ఉత్త చేతులతో దాన్ని పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. ఏమైనా తినమంటే తర్వాతన్నాడు. ముందు గడగడా వణికాడు. దంతాలు కొట్టుకోవడం పక్కనున్న మాకు వినిపించింది. గైడు ముందున్న దారి ఎలా ఉందో చూసొస్తానని కాస్త పైకి వెళ్లాడు. కాసేపటికి నాన్న వణుకు ఆగిపోయింది.

"చూశారా, రాజు గారికి అలవాటైపోయింది," అన్నారు శేషగిరి గారు మెచ్చుకోలుగా. నిజమే కాబోలు అని మాకూ ధైర్యం వచ్చింది. ఒళ్లు వణకడం మానేసిందంటే ఇక పోరాడలేక చేతులెత్తేసిందని అర్థమట. మాకేం తెలుసు? మా ఊళ్లో వణుకు ఆగితే జ్వరం తగ్గిందని సంతోషిస్తాం.

అప్పుడు నాన్న మావైపు తిరిగి నవ్వాడు. "ఉక్కగా ఉంది," అన్నాడు. మాట కాస్త ముద్దగా వచ్చింది. పైనున్న కోటు విప్పి మంచు మీద పడేశాడు. స్వెటరు తల మీంచి లాగబోతే చేతులు ఇరుక్కున్నాయి. శేషగిరి గారు ఎదురెళ్లి, "బెజవాడ వాళ్లమండీ మనం, మంచులో కూడా మనకి ఉక్కే," అని నవ్వుతూ స్వెటరు పట్టుకుని లాగిపెట్టారు. కొండపల్లిలో నేర్చుకున్న పద్ధతే కదా. బాషా బాబాయ్ కెమెరా ఎత్తి, "అన్నా, అట్లాగే ఉండు, నవ్వు," అంటూ క్లిక్కుమనిపించాడు. నాన్న చొక్కా గుండీల కోసం తడుముకుంటున్నాడు, వేళ్లు అందడం లేదు. నవ్వుతూనే నావైపు చూసి, "ఆ లైట్లు ఆర్పమ్మా, జంట చెమటకి తడిసిపోతున్నారు," అన్నాడు.

వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. నాన్న హాస్యమాడాడనుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నేను ఆయన మొహం చూస్తున్నాను. ఆ లైట్ల కింద ఎన్ని వందల మొహాలు అద్దానో, ఉక్క పోస్తున్న మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియనిది కాదు. నాన్న నుదురు పొడిగా ఉంది. మైనంలా తెల్లగా, పొడిగా ఉంది. ఒక్క చుక్క చెమట లేదు. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అది మనిషి చెయ్యిలా లేదు. "బాబాయ్, నాన్నకి చెమట లేదు," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "ఉక్క అంటున్నాడు, చెమటేది?" అని అరిచాను. శేషగిరి గారి చేతిలో స్వెటరు అలాగే ఉండిపోయింది. నాన్న మాత్రం నన్ను గుర్తుపట్టనట్టు చూస్తూ, గుండీలు తెంపుకోవడానికి పెనుగులాడుతున్నాడు. నా కన్నతండ్రి నా చేతులు విదిలించి కొట్టాడు.

నా అరుపుకి గైడు పరుగెత్తుకొచ్చాడు. ఒక్క చూపు చూసి, తిట్లలాంటి మాటలేవో అని, నాన్న తడి బనీను తీయించి, తన సంచిలోని పొడి ఉన్ని చొక్కా తొడగమన్నాడు. శేషగిరి గారు తన కోటూ చొక్కా బొత్తాలన్నీ విప్పి, ఆ పెద్ద పొట్టకి నాన్నని చంటిపిల్లాడిలా హత్తుకుని, పైనుంచి అన్నీ కప్పించుకున్నారు. స్టాండు కెమెరా మీద కప్పే నల్లగుడ్డ తీసి నేను నాన్న తలకి చుట్టాను. అలాగే మోసుకుంటూ, జారుతూ, పడుతూ, గొర్రెల కాపర్ల రాతిగుడిసె దాకా దిగాం. గైడు మంట వేశాడు. దారి పొడుగునా నాన్న ఏదో పెళ్లివాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు, తల ఎత్తమని, కాస్త ఇటు జరగమని. ఆ మాటలు ఆగితే ఏమవుతుందోనని నేను ఆయనకి జవాబులు చెబుతూనే నడిచాను. "జరిగారు నాన్నా, తల ఎత్తారు నాన్నా," అని. గైడు ఏమన్నాడు బాబాయ్ అని అడిగితే, "ఏం లేదమ్మా, నడువు," అన్నాడు బాషా బాబాయ్. ఆయన నోట నవ్వు లేని మాట నేను వినడం అదే మొదలు.

మంట దగ్గర, తీపి టీ చెంచాతో కొంచెం కొంచెం పోస్తుంటే, చాలాసేపటికి నాన్న గడ్డం అదిరింది. తర్వాత భుజాలు. తర్వాత మనిషంతా కుదిపేసినట్టు వణకడం మొదలుపెట్టాడు. నేను హడలిపోయాను. గైడేమో చప్పట్లు కొట్టి, మొదటిసారి నవ్వాడు. అప్పుడు చెప్పాడు బాషా బాబాయ్, పైన గైడు అన్నదేమిటో. మంచులో దారి తప్పి చనిపోయినవాళ్లు చాలామంది ఇలాగే బట్టలు విప్పేసి కనిపిస్తారట. చలి పీక దాకా వచ్చాక ఒళ్లు మంటెత్తినట్టు అనిపిస్తుందట. బట్టలు విప్పడం మొదలుపెట్టిన మనిషి తిరిగి రావడం ఆ గైడు ఎప్పుడూ చూడలేదట. ఆ మాట చెప్పి, బాబాయ్ తన కెమెరా వెనక మూత తెరిచాడు. లోపలి రీలు సర్రున బయటికి లాగి, వెలుగులోకి పట్టి, మొత్తం పాడుచేసి మంటలో పడేశాడు. పొద్దుటినుంచి తీసిన మంచు ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు తన రీలు తనే వెలుగుకి చూపించడం నేను జన్మలో చూడలేదు, మళ్లీ చూడలేదు కూడా.

నాన్న బతికాడు. కుడిచేతి వేళ్ల చివర్లు కమిలి, కొన్నాళ్లు మొద్దుబారి, మెల్లగా బాగయ్యాయి. ఆయనకి ఆ కాసేపు ఏమీ గుర్తులేదు. అక్కడ చెప్పడానికి మాకు ధైర్యం లేక, తిరుగు రైలెక్కాకే చెప్పాం. కిటికీవైపు తిరిగి కూర్చుని ఢిల్లీ నుంచి బలార్షా దాకా మాట్లాడలేదు. మార్తకి తెలియకూడదు అని మాత్రం అన్నాడు. మా వైపు మగాళ్లకి అదొక జబ్బు, ప్రాణం మీదికొచ్చిన సంగతులన్నీ ఆడవాళ్ల దగ్గర దాచేస్తారు. నన్నూ ఆ జట్టులో కలుపుకున్నారు. చలికి వేళ్లు కమిలాయంతే అని అమ్మతో చెప్పాం. అమ్మ ఆముదం రాసి, నమ్మినట్టే ఊరుకుంది.

ఇప్పుడు షారోన్ వాళ్లకి ఎన్నున్నాయో. ఈకలు కుక్కిన జాకెట్లు, వాతావరణం చెప్పే ఫోన్లు, వేళ్లు వెచ్చబరిచే పొట్లాలు. మా కాలమే గొప్పదని నేననను. మా కాలం మా నాన్నని కొంచెంలో చంపేసేది. కానీ ఇంత తెలిసిన పిల్లలు, ఆ కొండ మీద ఎదుటివాడు బట్టలు విప్పుతుంటే ముందు వాడి చెయ్యి పట్టుకుని చూడరేం? ఈల వేసి వీడియోకి ఫోన్ పైకెత్తుతారేం? అప్పుడు మేము చేసిందీ అదే. మాకు తెలియక చేశాం. తెలిసినవాళ్లు చేస్తుంటే చూసి తట్టుకోలేకపోయాను, అదీ నా బాధ.

ఆ ఏడు మే నెల బెజవాడలో ఎలా ఉండాలో అలాగే ఉంది. ఒక ఆదివారం చర్చి అయ్యాక బాషా బాబాయ్, శేషగిరి గారు మా ఇంటికి భోజనానికొచ్చారు. హాల్లో చాపలు పరిచి, అమ్మ కోడికూర వడ్డిస్తోంది. నేను మంచినీళ్ల జగ్గుతో నిలబడ్డాను. ఫోటో లేకపోయినా, నాన్న నోటితో చెప్పి నీలం నీడలతో వేయించిన కొత్త తెర ఆ వారమే స్టూడియోలో కట్టారు, దాని మీద నవ్వులు, కబుర్లు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. నాన్న ఎడంచేత్తో చొక్కా పై గుండీ తీస్తూ, మామూలుగా, "అబ్బ, ఉక్కగా ఉంది," అన్నాడు.

శేషగిరి గారి ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. బాషా బాబాయ్ ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు. నా చేతిలో జగ్గు కిందపడి నీళ్లు చాపల కిందకి పారుతున్నాయి. నేనెప్పుడు వెళ్లానో, నాన్న మీద పడి ఆయన గుండీలు గబగబా పెట్టేస్తున్నాను. "వద్దు నాన్నా, విప్పకు నాన్నా," అంటున్నాను. ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది. అమ్మ గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. నడివేసవిలో, బెజవాడలో, ఒక మనిషి చొక్కా విప్పబోతే ముగ్గురు మనుషులు ఇలా అయిపోవడం ఏమిటని ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది.

నాన్న నా రెండు చేతులూ పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకున్నాడు. తడి. వెచ్చటి చెమట, కణతల మీంచి కారి నా వేళ్ల సందుల్లోకి దిగుతోంది. "చూడమ్మా, పడుతోంది," అన్నాడు. తర్వాత తల ఎత్తి అమ్మవైపు చూశాడు. "అక్కడ ఉక్కగా ఉందని బట్టలు విప్పేశాను మార్తా. మంచులో. చెమట పట్టలేదని ఇది కనిపెట్టింది. లేకపోతే నన్ను అక్కడే వదిలేసి వచ్చేవాళ్లు," అన్నాడు.

మమ్మల్ని తిట్టిపోస్తుందనుకున్నాను, తిట్టలేదు. కూరగిన్నె పక్కన పెట్టి, వచ్చి ఆయన వెనక చతికిలబడి, తడిసిన ఆ చొక్కా వీపు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచేసింది. ఎవరం అన్నం ముట్టలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది, నెత్తిమీద ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

"అది ఆపెయ్యవే గ్రేసూ," అంది అమ్మ, చెయ్యి తీయకుండానే. "ఇంకాసేపు చెమట పట్టనీ ఆయనకి."